తెలిసి వేసిన ఓటు

కోట్లకు పడగలెత్తిన నాయకుడొకడు పేదల పక్షపాతినని చెప్పుకొనుచు ఊరూర తిరుగుటయు, రెక్కాడినగాని డొక్కాడని జనము వాని సభలకు తండోపతండములుగా వచ్చి, ఎండలో నిలిచి, జయజయధ్వానములు చేసి, తుదకు ఎన్నికలనాడు వానికే ఓటు వేయుటయు చూచినప్పుడు, చదువుకొన్నవారమని అనుకొను మనబోంట్ల నోట సాధారణముగా వెలువడు తీర్పులు రెండే: ఈ జనము అజ్ఞానులనునది యొకటి, అమ్ముడుపోయినవారనునది రెండవది. ముద్దాయి వాఙ్మూలము వినకుండ శిక్ష వేయు న్యాయమూర్తిని మనమొప్పుకొనము. ఓటరు విషయములో మాత్రము ఆ పద్ధతియే విజ్ఞతగా చెలామణి యగుచున్నది.

ఈ విచారణకు మన రాష్ట్రముల రాజకీయములనే ముందుంచుకొందమన్నచో, పేరు చెప్పిన మరుక్షణమున చదువరులు రెండు పక్షములుగా చీలుదురు. ఆ తరువాత నేను వ్రాసినదేదియు చెవికెక్కదు. కావున మనతో పేచీ లేనిదియు, వరి పండించి వరియన్నము తిను జనము గలదియు, పల్లెకును రాజధానికిని నడుమ అగాధమును మనకంటె లోతుగా త్రవ్వుకొన్నదియు అగు థాయ్‌లాండ్ దేశపు ఇటీవలి చరిత్రను తీసికొందును. అక్కడ థక్సిన్ షినవత్ర యను ధనికుని పక్షము, పేర్లు మార్చుకొనుచునే, 2001 మొదలు 2019 వరకు చెల్లుబాటైన ప్రతి సార్వత్రిక ఎన్నికలోను అందరికంటె ఎక్కువ స్థానములు గెలిచినది. రెండు పర్యాయములు సైన్యము, మరికొన్ని పర్యాయములు న్యాయస్థానములు ఆ పక్షపు ప్రభుత్వములను కూలద్రోసినవి. ఉత్తర, ఈశాన్య ప్రాంతముల పల్లెలు ఆ పక్షమునే మరల నిలబెట్టినవి.

థక్సిన్ పేదవాడని ఎవ్వరును ఎన్నడును భ్రమపడలేదు. 1949లో ఉత్తరదేశమందలి చియాంగ్ మాయి మండలములో, పట్టువర్తకము చేసికొను చీనా సంతతివారి ఇంట జన్మించి, పోలీసు ఉద్యోగములో ప్రవేశించి, అమెరికాలోని టెక్సాస్‌లో నేరన్యాయశాస్త్రమున డాక్టరేటు పుచ్చుకొని తిరిగివచ్చి, తాను కొలువుచేయుచున్న పోలీసుశాఖకే కంప్యూటర్లు అద్దెకిచ్చు వ్యాపారము మొదలుపెట్టిన యీ చతురుడు, 1990 దరిదాపులనుండి ప్రభుత్వమిచ్చిన అనుమతులతో సెల్‌ఫోనులను, ఉపగ్రహములను నడపి, పదేండ్లు తిరుగకుండ దేశపు మహాధనికులలో నొకడయ్యెను. అనగా వాని ఐశ్వర్యము బజారులో గడించినదానికంటె సచివాలయపు మెట్లమీద గడించినది ఎక్కువ. పత్రికలీ సంగతిని దాచలేదు. ప్రతిపక్షులు దీనినే పదేపదే చాటిరి.

1997 జూలై 2వ తేదీన థాయ్ ప్రభుత్వము తన నాణెమైన బాట్‌ను విపణి ఆటుపోట్లకు విడిచిపెట్టగానే దాని విలువ కుప్పకూలినది. బ్యాంకాకులో సగము కట్టిన మేడలు సగములోనే నిలిచిపోయినవి, ఫ్యాక్టరీలు మూతపడినవి, ఈశాన్యమందలి ఇసాన్ పల్లెలనుండి పనికి వచ్చినవారు మూటాముల్లె సర్దుకొని ఇంటిదారి పట్టిరి. అంతర్జాతీయ ద్రవ్యనిధి కుదిర్చిన 1,720 కోట్ల డాలర్ల సహాయము వచ్చినది, దాని వెంట పొదుపు ఆజ్ఞలును వచ్చినవి. ఆనాటి డెమొక్రాటు పక్షపు ప్రభుత్వము ఆ ఆజ్ఞలను విధేయతతో అమలుజరుపుచు, కూలిన బ్యాంకులను నిలబెట్టు పనిలో మునిగియుండగా, తిరిగివచ్చిన కొడుకులకును కూతుళ్లకును అన్నము పెట్టు భారమును పల్లెలు ఒంటరిగా మోసినవి. 1998లో థక్సిన్ స్థాపించిన ‘థాయ్ రక్ థాయ్’ పక్షము ఈ పల్లెల ముందర మూడు వాగ్దానములనుంచెను: రైతుల అప్పులపై మూడేండ్ల మారటోరియము, ఊరూరికి పదిలక్షల బాట్‌ల నిధి, తడవకు 30 బాట్‌ల రుసుముతో ఆసుపత్రిలో వైద్యము.

ఈ వాగ్దానముల విలువ తెలియవలెనన్న, అంతకుముందు పల్లె ఓటునకు దక్కుచున్న ప్రతిఫలమేమో తెలిసికొనవలెను. ఎన్నికల ముందటి రాత్రి, ఊరి పెద్దయో బియ్యపుమిల్లు యజమానియో గుత్తేదారో పంపిన మనిషి ఇంటింటికి వచ్చి, కొన్ని నోట్లు చేతిలో పెట్టి, అభ్యర్థి అంకె చెప్పి పోవును. గెలిచినవాడు బ్యాంకాకునకు పోయి, అయిదారు పక్షముల కలగూరగంప మంత్రివర్గములో తన వాటాకు బేరమాడుకొనును. కొంతకాలమునకు ఆ ప్రభుత్వము కూలగా, నోట్లతో మనిషి మరల వచ్చును. ఓటరు ఆ నోట్లనెందుకు పుచ్చుకొనెనందురా? వేరేమి దక్కును గనుక! దక్కునది ఆ రాత్రి దక్కినదే యని యెరిగినవాడు దానిని కాలదన్నుకొనుటను ఏ వివేకియు మెచ్చడు. థక్సిన్ పక్షము నోట్లు పంచలేదని నేననను; పాత ప్రాంతీయ నాయకులను గుంపులు గుంపులుగా తన పక్షములోనికి చేర్చుకొన్నవాడు, వారి పాత అలవాట్లను వాకిట విడిచిరమ్మనెనని ఎవరు నమ్ముదురు? అయితే, ఎన్నిక ముగిసిన పిదప కూడ చెప్పినమాట జ్ఞాపకముంచుకొన్న ప్రధాని వారికి దొరకుట అదే మొదలు. అధికారమునకు వచ్చిన ఏడాదిలోనే మూడు వాగ్దానములకును శ్రీకారము చుట్టెను.

ఇక అజ్ఞానమను అభియోగము. 2000 డిసెంబరులో, పోలింగునకు కొద్దిదినములు ముందు, ఆ దేశపు జాతీయ అవినీతి నిరోధక కమిషను ఒక నిర్ణయమును వెలువరించినది: థక్సిన్ మంత్రిగా నున్న కాలమున తన షేర్లను ఇంటి పనిమనిషి, కారు డ్రైవరు మొదలగువారి పేరిట పెట్టి, ఆస్తుల ప్రకటనలో వానిని చూపకుండ దాచెనని. ఈ వార్త దేశమంతట మారుమ్రోగినది. 2001 జనవరి 6న ఓట్లు లెక్కించి చూడగా 500 స్థానములలో 248 వాని పక్షమునకే దక్కియుండెను. ఆ ఆగస్టులో రాజ్యాంగ న్యాయస్థానము 8–7 ఆధిక్యముతో వానిని విడిచిపెట్టినది. ఆ తీర్పు సంగతి అటుండనిండు. పనిమనిషి పేరిట కోట్ల విలువగల షేర్లుండుట ఎంతటి విడ్డూరమో, బ్యాంకాకు ఇండ్లలో అంట్లు తోమి ఇసాన్‌కు డబ్బు పంపు స్త్రీలకంటె బాగుగ నెరుగగలవారెవరు? వారు తెలియక ఓటు వేయలేదు. తెలిసియే వేసిరి.

మనకును ఇది క్రొత్త అనుభవము కాదు. అభ్యర్థుల ఆస్తిపాస్తులు ఓటరునకు తెలియవలెనని 2002లో మన సుప్రీంకోర్టు తీర్పు చెప్పినప్పుడు, తెలిసినచో ఓటరు మనసు మారునని ఎందరో ఆశపడిరి. అప్పటినుండి అఫిడవిట్లలోని అంకెలు పత్రికలలో పతాకశీర్షికలుగా వచ్చుచునే యున్నవి. 2024లో గుంటూరు లోక్‌సభ స్థానమునకు గెలిచిన అభ్యర్థి కుటుంబపు ఆస్తి 5,700 కోట్ల రూపాయలకు పైబడినదని ఊరూర చదివిరి. అందులో తప్పున్నదని నేననుట లేదు, జనము చదివి ముక్కుమీద వ్రేలువేసికొని, ఆపైన తమ లెక్క తాము చూచుకొని ఓటు వేసిరనుటయే నా మాట. అంకెను చూచిన ఓటరు అడుగు ప్రశ్న, ఎదుటివాడు మాత్రము పేదవాడా యని. అతడును కోటీశ్వరుడే యైనప్పుడు ధనమిక కొలబద్దగా పనికిరాదు. వేరొక కొలబద్ద వెదకుకొనవలసినదే.

థాయ్ ఓటరునకు ఆ కొలబద్ద ఆసుపత్రిలో దొరికినది. 30 బాట్‌ల వైద్యము థక్సిన్ బుద్ధిలో పుట్టినది కాదు. సంగువన్ నితయారంఫోంగ్ అను వైద్యుడును, పల్లె ఆసుపత్రులలో పనిచేసి అక్కడి దైన్యమును కన్నులార చూచిన వాని సహచరులును ఏండ్ల తరబడి లెక్కలు కట్టి సిద్ధపరచియుంచిన యాలోచన అది. దాని విలువను కనిపెట్టినది మాత్రము వ్యాపారి కన్ను. ఏ బీమాయును లేని కోటిన్నరకు పైబడిన జనమునకు, ఆనాటి మన లెక్కలో ముప్పది రూపాయలకు కొంచెము అటునిటుగా నున్న రుసుముతో ఆసుపత్రి తలుపు తెరచుకొనెను. ఇంటిలో నొకరికి పెద్దజబ్బు చేసినచో ముందు గేదెను, తరువాత పొలమును అమ్ముకొనవలెనను తరతరాల భయము సడలినది. ఆ భయమును సడలించినవాని ఖాతాలో ఎన్ని సున్నలున్నవో లెక్కపెట్టు తీరిక ఎవరికుండును?

కిలో బియ్యము రెండు రూపాయలకిచ్చు పథకమును 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వము మొదలుపెట్టినప్పుడు ఖజానా మునిగిపోవునని గుండెలు బాదుకొన్న పెద్దలు మనలోను ఉండిరి. 2007లో ఆరోగ్యశ్రీ ప్రారంభమైనప్పుడు ప్రజల సొమ్ము కార్పొరేటు ఆసుపత్రుల పాలగుచున్నదన్న విమర్శయు వచ్చినది. ఆ విమర్శలో సత్యము కలదు కూడ. అయినను, బిడ్డ గుండెకు శస్త్రచికిత్స చేయించుకొని ఇల్లు చేరిన తల్లితో ఆ సొమ్మెవరి పాలైనదని వాదమాడబోయిన విమర్శకుడు ఏ ముఖముతో వెనుకకు రావలసియుండునో ఊహించుట కష్టము కాదు.

ధనవంతుడు గనుక తినడు, ఇదివరకే కడుపు నిండినవాడు గనుక దోచడు అను వాదము థక్సిన్ అనుచరుల నోట వినబడెడిది. మన రచ్చబండలమీదను వినబడుచునే యుండును. అన్ని వాదములలోను ఇది మిక్కిలి బలహీనమైనది. దీనిని నమ్మి ఓటు వేసినవారికంటె, నమ్మినట్లు నటించినవారే ఎక్కువయని నా అనుమానము. 2006 జనవరిలో జరిగిన రెండు సంగతులను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. ఆ నెలలో ప్రధాని థక్సిన్, రోయి ఎట్ మండలములోని ఆట్ సమాత్ అను బీద తాలూకాకు పోయి, కొన్ని దినములచ్చటనే బసచేసి, గ్రామస్థుల ఇక్కట్లు విని, పేదరికమునెట్లు తొలగింపవలెనో అధికారులకు పాఠము చెప్పెను. ఆ దృశ్యములను టెలివిజను ప్రత్యక్షముగా దేశమునకంతటికి చూపినది. ఆ నెల 23వ తేదీననే వాని కుటుంబము షిన్ కార్పొరేషనులోని తమ వాటాను సింగపూరు ప్రభుత్వపు టెమాసెక్ సంస్థకు 7,330 కోట్ల బాట్‌లకు అమ్ముకొని, చట్టమునందలి వెసులుబాటును చూపి, ఆ లాభముపై పన్ను కట్టకుండ తప్పించుకొన్నది.

బ్యాంకాకు మధ్యతరగతికి ఈ రెండవ వార్త కనబడినది. నెలనెల జీతములో పన్ను కోతపడువారు గనుక వారికి మంట పుట్టినది, ఆ మంట న్యాయమైనదే. ఆట్ సమాత్‌లో మొదటి వార్త కనబడినది. అది నాటకమని వారికి తెలియదా? తెలియును. కాని వారికొరకు నాటకమాడుటకైనను శ్రమపడిన ప్రధానులు అంతకుముందు లేరు.

థక్సిన్‌ను పేదలకు ఆప్తునిగా చేసినది సగమే వాని పథకములు. మిగిలిన సగమును వాని శత్రువులు చేసిపెట్టిరి. 2006 సెప్టెంబరు 19 రాత్రి సైన్యము ట్యాంకులతో బ్యాంకాకును ఆక్రమించి, ప్రజలెన్నుకొన్న ప్రభుత్వమును రద్దుచేసినప్పుడు, నగరవాసులు కుటుంబసమేతముగా వచ్చి సైనికులకు పువ్వులిచ్చి, ట్యాంకుల ప్రక్క నిలిచి ఫోటోలు దిగిరి. థక్సిన్ వ్యతిరేకులైన పసుపు చొక్కాల ఉద్యమకారులు 2008లో ఒక క్రొత్త రాజకీయమును ప్రతిపాదించిరి: పార్లమెంటు సభ్యులలో నూటికి 30 మందినే ఎన్నుకొని, మిగిలిన 70 మందిని నియమింపవలెనట! పల్లెవాసి ఓటు వేయుటకు తగినవాడు కాడను మాటను ఇంతకంటె బాహాటముగా ఎట్లు చెప్పవచ్చును? థక్సిన్‌ను సమర్థించు ఎర్రచొక్కాలవారిని ‘ఎర్ర గేదెలు’ అని వెక్కిరించుట నాగరికుల వినోదమైపోయెను. ఇక థక్సిన్‌కు ప్రత్యామ్నాయముగా నిలిచిన డెమొక్రాటు నాయకుడు అభిసిత్ వేజ్జాజీవ ఇంగ్లాండులో జన్మించి, ఈటన్‌లోను ఆక్స్‌ఫర్డులోను చదివినవాడు. పేదవానికిని ధనికునికిని నడుమ ఎన్నుకొనుమని ఇసాన్ రైతును ఎవరడిగిరి? తన్ను లెక్కలోనికి తీసికొను ధనికునికిని, తన్ను గేదెయని వెక్కిరించువారు మెచ్చిన ధనికునికిని నడుమ ఎన్నుకొనుమనిరి, అతడెన్నుకొనెను.

చమత్కార మేమనగా, ఓటు కొనుటకు పన్నిన తాయిలమని ఏ 30 బాట్‌ల వైద్యమును నిందించిరో, ఆ వైద్యమును సైన్యము నిలిపిన ప్రభుత్వము రద్దుచేయలేకపోయినది. ఆ 30 బాట్‌లు కూడ అక్కరలేదని రుసుమునే యెత్తివేసినది. అయినను 2007 డిసెంబరు ఎన్నికలో పల్లెలు సైన్యమునకు కృతజ్ఞత చూపలేదు. ఇచ్చినదాని విలువకంటె ఇచ్చినవాని మర్యాదను జనము ఎక్కువగా గుర్తుంచుకొనుననుటకు ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యము నాకు కనబడలేదు. 2010లో బ్యాంకాకు నడిబొడ్డున నెలల తరబడి ధర్నా చేసిన ఎర్రచొక్కాలవారు, తాము దాసజనమని చొక్కాలమీద అచ్చువేయించుకొని సగర్వముగా తిరిగిరి. ఒక కోటీశ్వరుని కొరకు దాసులమని చెప్పుకొనుటలోని వైరుధ్యమును చూచి నవ్వినవారున్నారు. కాని ఎర్రచొక్కాలవారు ఆ మాటను విసరినది థక్సిన్ వైపు కాదు, తమ ఓటును చించివేసినవారి వైపు. ఆ ఏప్రిల్, మే నెలలలో 90 మందికి పైగా మరణించిరి. మరుసటి సంవత్సరమే థక్సిన్ చెల్లెలు యింగ్లక్ 500 స్థానములలో 265 గెలిచి ప్రధానియయ్యెను.

ఇంతవరకు చదివి, ఓటరును నిష్కళంకునిగా నిలబెట్టుచున్నానని ఎవరైన తలచినచో, వారికొక మాట చెప్పవలెను. తెలిసి ఓటు వేసెనని నేనన్నప్పుడు, ఆ తెలిసినదానిలో మంచితోపాటు చెడ్డయు నుండును. 2003 ఫిబ్రవరిలో థక్సిన్ మాదకద్రవ్యములపై ప్రకటించిన యుద్ధములో మూడు నెలలలో సుమారు 2,500 మంది చంపబడిరి. అనేకులు విచారణ లేకుండ, వీధిలోనో ఇంటిగుమ్మములోనో కాల్చబడిరి. పిల్లలను మత్తుమందులనుండి కాపాడెనని పల్లెలు హర్షించినవి. 2004 అక్టోబరులో దక్షిణ సరిహద్దున తాక్ బాయి వద్ద ప్రదర్శన చేసిన మలయ ముస్లిములను సైనికులు బంధించి, లారీలలో కట్టెలవలె ఒకరిపై ఒకరిని పేర్చి తీసికొనిపోగా, 78 మంది ఊపిరాడక దారిలోనే మరణించిరి. నాలుగు నెలలకు వచ్చిన ఎన్నికలో దేశము వానికి 375 స్థానములిచ్చినది. పట్టాని, యాలా, నరాథివాత్ మండలములలో మాత్రము ఒక్క స్థానమును రాలేదు. తన ఇంటికి వైద్యము తెచ్చినవాడు ఇంకొకరి ఇంటికి శవమును పంపినప్పుడు, ఇసాన్ ఓటరు తన లెక్కలో ఆ రెండవ ఇంటిని చేర్చుకొనలేదు. ఈ దోషము పేదరికము వలన రాలేదు. బ్యాంకాకు వారును ఆనాడు అట్లే చప్పట్లు కొట్టిరి.

థక్సిన్ పక్షము కూడ తన ఓటరును తక్కువ అంచనా వేసినది. టన్ను వడ్లకు 15,000 బాట్‌లిచ్చి కొందుమన్న యింగ్లక్ పథకము గోదాములు నింపి ఖజానాను ఖాళీచేసి, తుదకు 2014 మొదట రైతులకే డబ్బు చెల్లింపలేక వారిచేతనే ధర్నాలు చేయించుకొన్నది. అంతకుముందు 2013 నవంబరు 1 తెల్లవారుజామున దిగువసభచేత ఆమోదింపజేసిన క్షమాభిక్ష బిల్లు ఇంకను ఘోరమైనది; థక్సిన్‌ను స్వదేశమునకు రప్పించుటకు, 2010లో ఎర్రచొక్కాలవారిపై కాల్పులకు బాధ్యులైనవారికి కూడ మాఫీ చేయుటకు ఆ బిల్లు సిద్ధపడినది. చనిపోయినవారి బంధువులు దానిని వ్యతిరేకించిరి. ధనికుడు పేదలతో చేసికొన్న ఒడంబడికలో తన స్వార్థము ఎంతవరకు పోగలదో ఆనాడు బయటపడినది.

2023 మే 14న జరిగిన ఎన్నికలో, ఊరికి నిధిగాని వడ్లకు హెచ్చుధరగాని తన పతాకముపై వ్రాసికొనని, సైన్యమును రాజకీయములనుండి తొలగించి చట్టములను సంస్కరింతుమన్న యువకుల పక్షము ‘మూవ్ ఫార్వర్డ్’ 151 స్థానములతో మొదట నిలిచినది. థక్సిన్ కుటుంబపు ‘ఫ్యూ థాయ్’ 141తో రెండవదయ్యెను. థక్సిన్ సొంత చియాంగ్ మాయిలోనే సగమునకు పైగా స్థానములు క్రొత్తవారివయ్యెను. ఇరువది ఏండ్లుగా ఏ ఓటరును అమ్ముడుపోయినవాడని నిందించిరో, ఆ ఓటరును ఈసారి కొన్నదెవరో చెప్పుటకు బ్యాంకాకు పండితులెవ్వరును ముందుకు రాలేదు. సైన్యము నియమించిన 250 మంది సెనేటర్లు గెలిచిన పక్షపు నాయకుడు పీటా లిమ్‌జరోన్‌రాత్‌ను ప్రధాని కానీయలేదు. ఫ్యూ థాయ్, తన్ను రెండుసార్లు కూల్చిన సైన్యపు అనుకూల పక్షములతో చేతులు కలిపి, ఆగస్టు 22న స్రెత్తా థావిసిన్ అను భవననిర్మాణ వ్యాపారిని ప్రధానిగా గద్దెనెక్కించినది. ఆ దినముననే థక్సిన్ 15 ఏండ్ల ప్రవాసము ముగించుకొని విమానము దిగెను. పల్లె ఓటును చెల్లని నాణెముగా తీసిపారవేసినవారి వరుసలో, ఆ ఓటు వలననే నాయకుడైనవాని పక్షమును అట్లు చేరెను.